మందుకు లొంగని సూక్ష్మజీవులు

మానవశరీరమను కోటకు నోరు సింహద్వారము వంటిది. ఆహారము, నీరు ఆ ద్వారముననే లోనికి ప్రవేశించును. ఆ ద్వారమున 32 దంతములు కావలివాండ్రవలె నిలిచియుండును. దంతములు ఎంత గట్టివైనను వానిని పట్టియుంచునవి చిగుళ్ళును, చిగుళ్ళ మాటుననున్న ఎముకయును. పునాది చెడిన గోడ నిలువదు. అట్లే, పుచ్చు లేని పన్నైనను దాని చుట్టునున్న చిగురు చెడినచో కదలి ఊడిపోవును. వయస్సు మీరినచో పండ్లు ఊడిపోవుట సహజమని చాలమంది తలతురు. అది సరియైన తలంపు కాదు. అట్లు ఊడిపోవుటకు ముసలితనముకంటె చిగుళ్ళ వ్యాధియే తరచుగా కారణమగుచున్నది. ఆ వ్యాధిని కలిగించునవి కంటికి కానరాని సూక్ష్మజీవులు. వానిని చంపుటకు మానవుడు గొప్ప ఔషధములను కనిపెట్టెను. ఆ ఔషధములను ఎదిరించు శక్తిని ఆ సూక్ష్మజీవులు సంపాదించినవి. ఇది ఎట్లు జరిగినది? దీనివలన మానవునకు కలుగు హాని యేమి? దానిని తప్పించుకొనుటకు మార్గమేది? ఈ విషయములు ప్రతివారును తెలిసికొనదగినవి.

హాలెండు దేశమున డెల్ఫ్టు అను పట్టణము కలదు. 17వ శతాబ్దిలో అచట ఆంటనీ వాన్ లీవెన్‌హుక్ అను బట్టల వర్తకుడు నివసించుచుండెను. అతడు విశ్వవిద్యాలయములలో చదివినవాడు కాడు. కాని గాజును సానపట్టి సన్నని కటకములను చేయుటలో అతనికి అసమానమైన నేర్పు కలదు. 1683వ సంవత్సరమున అతడు తన పండ్ల సందులనుండి తెల్లని పాచిని కొంచెము తీసి, నీటిలో కలిపి, తన సూక్ష్మదర్శనితో పరిశీలించెను. అందు లెక్కకు మిక్కిలి చిరుప్రాణులు నీటిలోని చేపలవలె చురుకుగా సంచరించుచుండెను. అతడు ప్రతిదినము ఉప్పుతో పండ్లు తోముకొనువాడు. అట్టివాని నోటిలోనే ఇన్ని ప్రాణులున్నచో, తోమనివాని నోటిలో ఎన్ని యుండునో యని అతనికి కుతూహలము కలిగెను. ఎన్నడును పండ్లు తోమి యెరుగని ఒక వృద్ధుని నోటిలోని పాచిని కూడ అతడు పరీక్షించెను. అందు ప్రాణులు మరింత దట్టముగా కానవచ్చెను. తన దేశమందలి ప్రజల సంఖ్యకంటె తన నోటిలోని ప్రాణుల సంఖ్యయే ఎక్కువ యని అతడు లండనులోని రాయల్ సొసైటీ పండితులకు వ్రాసెను.

లీవెన్‌హుక్ మరియొక విశేషమును గూడ గమనించెను. పాచిని బయటికి తీసి వెనిగరు అను పుల్లని ద్రవములో కలిపినపుడు అందలి ప్రాణులు వెంటనే చచ్చెను. కాని అదే వెనిగరుతో నోరు కడుగుకొన్నపుడు పాచికి పైపొరలో నున్నవి మాత్రమే చచ్చెను; లోపలి పొరలలోనివి బ్రతికియుండెను. మందు మంచిదే, శత్రువు బలహీనుడే, అయినను ఆ రెంటికిని నడుమ ఒక గోడ అడ్డముగా నున్నది. ఈ చిన్న పరిశీలనలో ఒక పెద్ద సత్యము దాగియుండెను. దాని విలువను శాస్త్రలోకము పూర్తిగా గ్రహించుటకు సుమారు 300 సంవత్సరములు పట్టెను.

పండ్లపై పాచి ఎట్లు ఏర్పడునో తెలిసికొందము. తోమిన కొద్దిసేపటికే లాలాజలములోని మాంసకృత్తులు పంటిపై పలుచని పొరవలె అంటుకొనును. ఆ పొరను ఆధారము చేసికొని కొన్ని సూక్ష్మజీవులు నిలద్రొక్కుకొనును. వానిని పట్టుకొని మరికొన్ని చేరును. అవి జిగురువంటి పదార్థమును స్రవించి, దానియందే ఇండ్లు కట్టుకొనినట్లు నివసించును. ఇదియే పాచి. దీనిని దినదినము తొలగింపనిచో లాలాజలములోని సున్నపు లవణములు అందు చేరి, అది రాయివలె గట్టిపడును. దానిని గార యందురు. పాచిని పుల్లతోనో, కుంచెతోనో తీయవచ్చును. గారను అట్లు తీయలేము. మొక్కై వంగనిది మానై వంగునా యను సామెత ఇచట చక్కగా సరిపోవును.

పాచి చిగురు అంచున నిలిచినచో చిగురు ఎఱ్ఱనై వాచును. తోమునపుడు నెత్తురు కానవచ్చును. ఇది వ్యాధికి మొదటి మెట్టు. రెండవ మెట్టులో చిగురు పంటినుండి విడివడి నడుమ ఒక సంచివంటి సందు ఏర్పడును. సూక్ష్మజీవులు ఆ సందులో దిగి వేరువైపు ప్రాకును. వానితో పోరాడుటకు శరీరము పంపు రక్షకకణముల వలనను, ఆ పోరాటమున వెలువడు పదార్థముల వలనను పంటిని పట్టియున్న ఎముకయే కరగిపోవును. ఇంత జరుగుచున్నను చాలమందికి నొప్పి యుండదు. చాపక్రింద నీరువలె వ్యాపించుటయే ఈ వ్యాధి స్వభావము. కరగిన ఎముక తనంతట తాను తిరిగి పెరుగదు. ప్రపంచమున తీవ్రమైన చిగుళ్ళ వ్యాధితో బాధపడువారు నూరుకోట్లకు పైబడి యున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022వ సంవత్సరపు నివేదికలో అంచనా వేసెను.

పాచికిని చిగుళ్ళ వాపునకును గల సంబంధమును నిస్సంశయముగా నిరూపించినవాడు హెరాల్డ్ లో అను శాస్త్రజ్ఞుడు. అతడును అతని సహచరులును డెన్మార్కు దేశమందలి ఆర్హుస్ పట్టణమున ఒక ప్రయోగము చేసి 1965వ సంవత్సరమున ప్రకటించిరి. ఆరోగ్యముగా నున్న 12 మంది తమంతట తాము అంగీకరించి, పండ్లు తోముట మానివేసిరి. 10 దినములు మొదలు 21 దినముల లోపల వారందరి చిగుళ్ళును వాచినవి. పిమ్మట వారు మరల తోముట ప్రారంభింపగా కొన్ని దినములలోనే చిగుళ్ళు యథాస్థితికి వచ్చినవి. ఏ మందును వాడలేదు. పాచి పోయినది, వాపు పోయినది. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు చెప్పబోవు విషయమునకు ఇదియే మూలము.

మానవుని నోటిలో సుమారు 700 జాతుల సూక్ష్మజీవులు నివసింపగలవని పండితులు గుర్తించిరి. వీనిలో అధికభాగము హాని చేయనివి. కొన్ని మేలు చేయునవియు కలవు. అవి స్థలమును ఆక్రమించుకొని దుష్టజాతులకు చోటు లేకుండ చేయును. కాని చిగురుక్రింద లోతైన సందులలో గాలి చొరదు. ప్రాణవాయువు ఉన్నచోట బ్రతుకలేని కొన్ని జాతులకు ఆ చీకటిగుహలు అనుకూలములు. అమెరికా దేశమందలి బోస్టను నగరమున సిగ్మండ్ సొక్రాన్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి అట్టి జాతులను పరిశీలించి, అవి గుంపులు గుంపులుగా నివసించునని 1998వ సంవత్సరమున తెలిపెను. ఒక్కొక్క గుంపునకు ఒక్కొక్క రంగు పేరు పెట్టెను. ఎఱ్ఱగుంపులో పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫార్సిథియా, ట్రెపోనీమా డెంటికోలా అను మూడు జాతులు కలవు. తీవ్రమైన వ్యాధి యున్నచోట ఈ మూడును తరచుగా కలిసి కానవచ్చును. కలరా, క్షయ మొదలగు వ్యాధులకు ఒక్కొక్కటే సూక్ష్మజీవి కారణము. చిగుళ్ళ వ్యాధి అట్టిది కాదు. ఇది ఒక దొంగ చేసిన పని కాదు. దొంగల ముఠా చేసిన పని.

ఇక మందుల కథ. 1928వ సంవత్సరమున లండనులోని సెంట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగు అను వైద్యశాస్త్రజ్ఞుడు, తాను పెంచుచున్న సూక్ష్మజీవుల పళ్ళెములో ఒక బూజు పడి, దాని చుట్టునున్న సూక్ష్మజీవులు నశించుటను గమనించెను. ఆ బూజునుండి వెలువడు పదార్థమునకు పెనిసిలిన్ అని పేరు పెట్టెను. ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్ అను శాస్త్రజ్ఞులు దానిని శుద్ధిచేసి మందుగా వాడదగునట్లు చేసిరి. ఇట్లు ఒక సూక్ష్మజీవినుండి పుట్టి మరియొక సూక్ష్మజీవిని నశింపజేయు మందులను యాంటీబయాటిక్కు లందురు. తరువాత వానిని పోలిన మందులను ప్రయోగశాలలలో తయారుచేయుట కూడ జరిగినది.

ఈ చరిత్రలో ఒక ఆంధ్రునకు ముఖ్యమైన స్థానము కలదు. భీమవరమున 1895వ సంవత్సరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాకు వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతి యయ్యెను. ఆ శాలలోనే బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు, మిస్సోరి రాష్ట్రమునుండి తెచ్చిన మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి బంగారువన్నె గల మందును సాధించెను. దానికి ఆరియోమైసిన్ అని పేరు. 1948వ సంవత్సరమున ఆ మందు లోకమునకు తెలుపబడెను. ఆ సంవత్సరముననే సుబ్బారావు కన్నుమూసెను. టెట్రాసైక్లిన్ అను మందుల వంశమునకు ఆరియోమైసినే మొదటిది. ఆ వంశములోని మందులు చిగుళ్ళ వ్యాధి చికిత్సలో బహుకాలముగా ఉపయోగపడుచున్నవి.

మరియొక మందు కథ మిక్కిలి విచిత్రమైనది. మెట్రోనిడజోల్ అను మందును మొదట వేరొక వ్యాధికి వాడుచుండిరి. ఇంగ్లండులో ఒక స్త్రీ ఆ వ్యాధికై ఈ మందును పుచ్చుకొనెను. ఆమె చిగుళ్ళు కూడ అప్పుడు పుండ్లుపడి బాధించుచుండెను. మందు పుచ్చుకొనగనే ఆ చిగుళ్ళ పుండ్లు కూడ మానినవి. షిన్ అను దంతవైద్యుడు ఈ సంగతిని 1962వ సంవత్సరమున ఒక వైద్యపత్రికలో ప్రకటించెను. ప్రాణవాయువు లేనిచోట బ్రతుకు సూక్ష్మజీవులను ఈ మందు చంపగలదని లోకమునకు అట్లు తెలిసినది. తరువాత శస్త్రచికిత్సలలోను, ఉదరవ్యాధులలోను ఇది ఎందరి ప్రాణములనో కాపాడినది. ఒక స్త్రీ చిగుళ్ళు చూపిన దారి అది.

ఇట్టి మందులుండగా చిగుళ్ళ వ్యాధి ఏనాడో అంతరించి యుండవలెను గదా! అంతరింపలేదు. ఏల యన, ఎదిరిపక్షమువారును ఊరకుండలేదు.

పెనిసిలిన్ జనులకు అందుబాటులోనికి రాకముందే, 1940వ సంవత్సరముననే, అబ్రహాము, చెయిన్ అను శాస్త్రజ్ఞులు పెనిసిలిన్‌ను విరుగగొట్టు ఒక పదార్థమును సూక్ష్మజీవులలో కనుగొనిరి. 1945వ సంవత్సరమున ఫ్లెమింగు నోబెల్ బహుమానమును అందుకొనుచు చేసిన ఉపన్యాసములో లోకమునకు ఒక హెచ్చరిక చేసెను. పెనిసిలిన్‌ను ఎవరు పడితే వారు అంగళ్ళలో కొనగల కాలము రావచ్చుననియు, అప్పుడు తెలియనివారు చాలీచాలని మోతాదు పుచ్చుకొని సూక్ష్మజీవులకు మందును ఎదిరించుట నేర్పుదురనియు అతడు చెప్పెను. ఒక ఉదాహరణమును గూడ ఇచ్చెను. ఒకడు గొంతునొప్పికి కొద్దిగా పెనిసిలిన్ కొని పుచ్చుకొనెను. అతని గొంతులోని సూక్ష్మజీవులు చావక, మందునకు అలవాటుపడి, అతని భార్యకు సోకెను. ఆమెకు అదే పెనిసిలిన్ ఇచ్చినను గుణమీయక ఆమె మరణించెను. ఆమె మరణమునకు బాధ్యు డెవరు? భర్త అజాగ్రత్తయే గదా! అది కల్పితమైన కథయే. కాని మందును కనిపెట్టినవాడే తన మందునకు రాగల ఆపదను ముందుగా చెప్పుట గమనింపదగినది.

ఈ ఎదిరించు శక్తి ఎట్లు కలుగునో ఒక ఉదాహరణముతో చూతము. ఒక గృహస్థునకు చిగురు వాచినదనుకొందము. అతడు వైద్యుని యొద్దకు పోక, మందుల అంగడికి పోయి, "మొన్న మా బావమరదికి ఇచ్చిన మాత్రలే నాలుగు ఇమ్ము" అని అడిగి తెచ్చుకొనెను. రెండు దినములు మ్రింగెను. వాపు తగ్గెను. మిగిలిన మాత్రలు లేవు, నొప్పియు లేదు. అతడు ఆ సంగతి మరచెను. కాని చిగురుక్రింద జరిగిన దేమి? అచట కోట్లకొలది సూక్ష్మజీవులు కలవు. వానిలో మందునకు లొంగునవి చచ్చెను. స్వభావముచేతనే కొంచెము గట్టివిగా నున్న కొన్ని మిగిలెను. గార అట్లే యున్నది. పాచియు అట్లే యున్నది. పోటీకి వచ్చువారు చచ్చిపోగా, మిగిలినవానికి తిండియు చోటును విరివిగా దొరకెను. అవి పెరిగి ఆ స్థలమునంతయు నిండించెను. కొన్ని నెలలకు వాపు మరల వచ్చెను. ఈమారు అవే మాత్రలు పనిచేయలేదు. "మందులో కల్తీ యున్నది" అని అతడు అంగడివానిని నిందించెను. మందులో లోపము లేదు. మారినవి సూక్ష్మజీవులు.

ఇచట ఒక పొరపాటును తొలగించుకొనవలెను. "నా శరీరము ఆ మందునకు అలవాటుపడినది" అని కొందరు పలుకుదురు. అలవాటుపడినది శరీరము కాదు, శరీరములోని సూక్ష్మజీవులు. అవి సోకినచో, ఎన్నడును ఆ మందును రుచి చూడని మరియొకనికి కూడ ఆ మందు పనిచేయదు. మరియొక సందేహము: మందు తగిలినందువలననే సూక్ష్మజీవి మారునా? లేక మారినది ముందే యుండునా? అమెరికాలో జాషువా లెడర్‌బర్గు, ఎస్తర్ లెడర్‌బర్గు అను దంపతులు 1952వ సంవత్సరమున ఒక చక్కని ఉపాయముతో దీనిని తేల్చిరి. ఒక పళ్ళెములో పెరిగిన సూక్ష్మజీవుల గుంపులపై మఖమలు గుడ్డను అద్ది, ఆ అచ్చును మందు కలిపిన మరియొక పళ్ళెముపై ఒత్తిరి. మందు పళ్ళెములో బ్రతికిన గుంపు ఏదో చూచి, మొదటి పళ్ళెములో అదే స్థానమున నున్న గుంపును పరీక్షించిరి. దానికి మందు ఎన్నడును తగులలేదు. అయినను అది మందును ఎదిరింపగలిగెను. మందు ఆ గుణమును పుట్టించుట లేదు. ఆ గుణము లేనివానిని చంపి, ఉన్నదానికి రాజ్యమిచ్చుచున్నదని దీనివలన స్పష్టమయ్యెను.

సూక్ష్మజీవులు మందును ఎదిరించు విధములు పలు తెఱగులు. పెనిసిలిన్ సూక్ష్మజీవి గోడ కట్టుకొనుటను అడ్డగించును. ప్రివొటెల్లా అను చిగుళ్ళ సూక్ష్మజీవులలో కొన్ని బీటా-లాక్టమేజ్ అను పదార్థమును తయారుచేసి పెనిసిలిన్‌ను ముక్కలు చేయును. ఆ పదార్థము చుట్టుప్రక్కలకు వ్యాపించుటచే, తమంతట తాము ఎదిరింపలేని ఇరుగుపొరుగు జాతులు కూడ రక్షింపబడును. టెట్రాసైక్లిన్ సూక్ష్మజీవి లోపల మాంసకృత్తులను తయారుచేయు యంత్రమునకు అంటుకొని దానిని ఆపును. కొన్ని జాతులు ఆ యంత్రమునకు కవచము తొడుగును. మరికొన్ని, పడవలోనికి వచ్చిన నీటిని తోడివేసినట్లు, లోనికి వచ్చిన మందును బయటికి తోడివేయును. మెట్రోనిడజోల్ సూక్ష్మజీవి లోపల మార్పుచెంది విషమగును. కొన్ని జాతులు ఆ మార్పు జరుగకుండ చేసి దానిని నిరపాయకరముగా మార్చివేయును.

అంతకంటె ఆశ్చర్యకరమైనది మరియొకటి కలదు. ఈ విద్యలను సూక్ష్మజీవులు తమ సంతానమునకే కాక, ప్రక్కనున్న అన్యజాతులకు కూడ దానము చేయగలవు. జపానులో అకిబా, ఒచియాయి అను శాస్త్రజ్ఞులు రక్తవిరేచనములు కలిగించు సూక్ష్మజీవులను పరిశీలించుచు 1959వ సంవత్సరమున ఈ సంగతిని కనుగొనిరి. ఎదిరించు గుణమును తెలుపు జన్యువులు ఒక సూక్ష్మజీవినుండి మరియొకదానికి చేరుచున్నవి. వందలాది జాతులు ఒకదానిపై నొకటి ఒత్తుకొని నివసించు పంటిపాచి అట్టి ఇచ్చిపుచ్చుకొనుటకు సంతవంటిది. నోటిలోని నిరపాయమైన సూక్ష్మజీవులు కూడ ఈ జన్యువులను దాచియుంచి, సమయము వచ్చినపుడు దుష్టజాతులకు అందింపవచ్చును.

ఇక లీవెన్‌హుక్ చూచిన గోడ సంగతి. నీటిలో విడివిడిగా తిరుగు సూక్ష్మజీవులను చంపు మోతాదు, పాచిలో గుమిగూడిన అవే సూక్ష్మజీవులను చంపజాలదు. కొన్నిటికి వందలరెట్లు, ఒక్కొక్కప్పుడు వేయిరెట్లు ఎక్కువ మందు కావలసియుండును. అంత మందును మనుష్యునకు ఇచ్చుట అసాధ్యము. జిగురుపొర మందును లోనికి తేలికగా పోనీయదు. లోపలి పొరలలోని జీవులు తిండి చాలక మెల్లగా పెరుగుచుండును. పెరుగుచున్నవానినే చంపు మందులు వానిని తాకజాలవు. కావున జన్యువుల బలము లేకున్నను పాచి యను కోటయే వానిని కాపాడుచున్నది. కోటగోడ కూల్చక బాణములు వేసిన ప్రయోజన మేమి?

ఈ ఎదిరించు శక్తి నిన్న మొన్న పుట్టినది కాదు. జర్మనీ దేశమందలి డాల్‌హైమ్ అనుచోట ఒక ప్రాచీన క్రైస్తవమఠము కలదు. అచట సుమారు వేయి సంవత్సరముల క్రిందట పాతిపెట్టబడిన మనుష్యుల దంతములపై గార రాయివలె నిలిచియున్నది. శాస్త్రజ్ఞులు దానిని పరీక్షించి 2014వ సంవత్సరమున తమ ఫలితములను ప్రకటించిరి. ఆ గారలో చిగుళ్ళ వ్యాధిని కలిగించు నేటి జాతులే కానవచ్చినవి. మందులను ఎదిరించు జన్యువులను పోలినవి కూడ కానవచ్చినవి. ఆనాటికి మానవుడు యాంటీబయాటిక్ మందు నెరుగడు. మట్టిలోను, నీటిలోను సూక్ష్మజీవులు అనాదిగా ఒకదానితో నొకటి పోరాడుచునే యున్నవి. ఆయుధమును, కవచమును రెంటిని ప్రకృతియే సృష్టించినది. అరుదుగా నున్న ఆ కవచమును సర్వసాధారణము చేసినది మాత్రము మానవుని అవివేకము.

దీనికి నిదర్శనము కలదు. హాలెండు దేశమున యాంటీబయాటిక్కులను మిక్కిలి పొదుపుగా వాడుదురు. స్పెయిను దేశమున ఆ కాలమున వాడకము చాల ఎక్కువ. ఈ రెండు దేశముల రోగుల చిగుళ్ళనుండి తీసిన సూక్ష్మజీవులను పోల్చి చూచి శాస్త్రజ్ఞులు 2000వ సంవత్సరమున ఫలితములను ప్రకటించిరి. మందులను ఎదిరించునవి స్పెయిను రోగులలోనే ఎక్కువగా కానవచ్చినవి. అమెరికాలో చిగుళ్ళ వ్యాధి గల 400 మందిని పరీక్షించి 2014వ సంవత్సరమున ప్రకటించిన మరియొక పరిశోధనలో, నలుగురిలో సుమారు ముగ్గురియందు, వాడుకలో నున్న నాలుగు మందులలో కనీసము ఒకదానిని ఎదిరించు సూక్ష్మజీవులు దొరికినవి.

"పన్ను పోయిన కట్టుడుపన్ను పెట్టుకొనవచ్చును గదా, ఇంత విచారమేల?" అని కొందరు అడుగవచ్చును. చిగుళ్ళకు వాడు మందులే న్యుమోనియాకును, పుండ్లకును, శస్త్రచికిత్సలకును వాడబడుచున్నవి. ఒకచోట పాడుచేసికొనిన మందు మరియొకచోట ప్రాణము నిలుపవలసినపుడు పనికిరాకపోవచ్చును. 2019వ సంవత్సరమున మందులకు లొంగని సూక్ష్మజీవుల వలన నేరుగా మరణించినవారు ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేలమంది యని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. వీరిలో పసిపిల్లలు కూడ ఎందరో కలరు. భారతప్రభుత్వమువారు ఈ ఆపదను గుర్తించి, 2014వ సంవత్సరమునుండి కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్కులను అమ్మునపుడు రోగి పేరును, వైద్యుని పేరును అంగడివారు పుస్తకములో వ్రాసియుంచవలెనని నియమము చేసిరి. వైద్యుని చీటి లేనిదే ఇట్టి మందులను వాడరాదని ప్రజలకు తెలియజేయుటకు, మందుల అట్టలపై నుండు ఎఱ్ఱగీతను గుర్తింపుమని 2016వ సంవత్సరమున ప్రచారము సాగించిరి.

మరి చిగుళ్ళ వ్యాధికి చికిత్స యేది? దంతవైద్యుడు ముందుగా గారను తొలగించి, చిగురుక్రింద వేరును గూడ శుభ్రపరచును. ఒక రోగి దంతవైద్యునితో, "డాక్టరుగారూ, ఈ గీకుట యెందుకండీ? మంచి మాత్రలు వ్రాసియిచ్చినచో చాలదా?" అని అడిగెననుకొందము. వైద్యు డేమనును? "అయ్యా, కాలిలో ముల్లుండగా పైన లేపనము పూసిన పుండు మానునా? ముందు ముల్లు తీయవలెను గదా!" అనును. ఈ సమాధానములో శాస్త్రమంతయు ఇమిడియున్నది. కోట కూలిన తరువాత, చాలమందికి మందే అవసరముండదు. వ్యాధి మిక్కిలి తీవ్రముగా నున్నప్పుడో, చీము పట్టి జ్వరము వచ్చినప్పుడో మాత్రమే వైద్యుడు యాంటీబయాటిక్‌ను తోడు చేయును. గార తీయించిన పండ్లు వదులగునని జనులలో ఒక భయము కలదు. అది అపోహ. ఎముక కరిగి వదులైన పంటిని గార సిమెంటువలె పట్టి దాచియుంచును; గార పోగానే అంతకుముందే యున్న వదులుతనము బయటపడును. వదులు చేసినది వ్యాధియే కాని వైద్యము కాదు.

ఋణశేషము, అగ్నిశేషము, శత్రుశేషము ఉంచరాదని పెద్దలు చెప్పుదురు. ఈ నీతిని ఇచట పూర్తిగా అన్వయించుకొనరాదు. నోటిలోని సూక్ష్మజీవులను నిశ్శేషముగా చంపుట అసాధ్యము, అనవసరము కూడ. ఎక్కువ దినములు మందు మ్రింగిన ఎక్కువ మేలు కలుగునను తలంపు తప్పు. వైద్యుడు చెప్పిన మోతాదును, చెప్పినన్ని దినములు, చెప్పిన వేళకు పుచ్చుకొనవలెను. తనంతట తాను తగ్గింపను రాదు, పెంపను రాదు. మిగిలిన మాత్రలను దాచి మరియొకరికి ఈయరాదు.

ఈ యుద్ధమున బాలురు చేయదగిన పని లేకపోలేదు. ప్రతిదినము ఉదయమును, రాత్రి నిద్రకు ముందును పండ్లు తోముకొనవలెను. పంటికిని చిగురునకును కలియు అంచున ప్రత్యేకముగా శ్రద్ధ వహింపవలెను. పాచి నిలుచు తావు అదియే. పండ్ల సందులను గూడ శుభ్రపరచుకొనవలెను. నెత్తురు కానవచ్చినదని భయపడి తోముట మానరాదు. ఆ నెత్తురు పాచి యున్నదనుటకు గుర్తు. మెత్తగా తోముచుండిన కొలది దినములలో అది ఆగవలెను. ఆగనిచో దంతవైద్యునికి చూపవలెను. పొగాకును ఏ రూపమునను దరిజేరనీయరాదు; అది చిగుళ్ళను చెరచుటయే కాక, నెత్తురు కారనీయక వ్యాధిని దాచిపెట్టును. ఇంటిలో మధుమేహవ్యాధి గల పెద్దలున్నచో వారి చిగుళ్ళను వైద్యునికి చూపుట మరింత అవసరము. ఆ వ్యాధి చిగుళ్ళ వ్యాధిని పెంచును, చిగుళ్ళ వ్యాధి ఆ వ్యాధిని పెంచును.

డగ్గర్ సాధించిన బంగారువన్నె మందును, ఫ్లెమింగు బూజులో కనిన పెనిసిలిన్‌ను, షిన్ గుణమెరిగించిన మెట్రోనిడజోల్‌ను మానవజాతికి పూర్వులు కూడబెట్టి యిచ్చిన ఆస్తులు. ఆస్తిని సంపాదించుటకంటె నిలుపుకొనుట కష్టము. తండ్రి కూడబెట్టిన ధాన్యమును అవసరమునకు వాడుకొని విత్తనములను కాపాడు కొడుకువలె, ఈ మందులను నేటివారు వాడుకొనవలెను. 12 మంది డెన్మార్కువారు ఏ మందును లేకయే తమ చిగుళ్ళను బాగుచేసికొనిరి. ఉదయమున చేతనున్న పుల్లయో కుంచెయో సరిగా పనిచేసినచో, అంగడిలోని మాత్రతో పని తక్కువగును. మాత్రతో పని తక్కువైనకొలది, నిజముగా ప్రాణాపాయము వచ్చిననాడు ఆ మాత్ర తన పని చేయగలుగును.